కేప్ పాయింట్‌కు ఒక రోజు మొత్తం కేటాయించవచ్చా? నాన్నగారితో ప్రయాణం

ప్రశ్న: దక్షిణతీరం

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరు రెండో వారంలో నేను, మా నాన్నగారు దక్షిణాఫ్రికా వెళ్తున్నాం. కేప్‌టౌన్‌లో మాకు నాలుగు పగళ్లు మాత్రమే దొరుకుతాయి. నాన్నగారు ముప్పై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేశారు. ఇప్పుడు ఆయనకు డెబ్బై ఒకటో ఏడు. నల్లబల్ల మీద ఆఫ్రికా పటం గీసి, అడుగున ఎడమవైపు ఒక చుక్క పెట్టి, ‘ఇది గుడ్‌హోప్ అగ్రం, 1488లో పోర్చుగీసు నావికుడు బార్తలోమియో డయాజ్ దీన్ని చుట్టి వచ్చాడు’ అని ఆయన ఎన్ని తరగతులకు చెప్పారో లెక్కలేదు. ఆ పటంలో ఆయన పెట్టిన చుక్క మీద ఒక్కసారి నిలబడాలన్నది ఆయన కోరిక, దానిని తీర్చాలన్నది నా కోరిక.

నేను చూసిన టూర్ ప్యాకేజీలన్నీ ఒకే మాదిరిగా ఉన్నాయి. పొద్దున్నే హోటల్ దగ్గర ఎక్కించుకుని, చాప్‌మన్స్ పీక్ రోడ్డు మీదుగా తీసుకెళ్లి, గుడ్‌హోప్ ప్రాంతంలోని కేప్ పాయింట్ దగ్గర ముప్పావు గంటో గంటో వదిలి, పెంగ్విన్లను చూపించి సాయంత్రానికి దింపేస్తారు. అంత దూరం వెళ్లి గంటలో తిరిగి రావడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని ఒక రోజు మొత్తం అక్కడే గడిపితే టేబుల్ మౌంటెన్‌కో, రాబెన్ ద్వీపానికో సమయం తగ్గుతుందేమోనని భయంగా ఉంది. పైగా ప్రతి ప్రకటనలోనూ ‘రెండు మహాసముద్రాలు కలిసే చోటు’ అని రాస్తున్నారు. నాన్నగారు మాత్రం అది తప్పని గట్టిగా అంటున్నారు. ఆయనకు కుడి మోకాలిలో నొప్పి ఉంది. సమతలంగా ఉంటే రెండు మూడు కిలోమీటర్లు నడుస్తారు కానీ మెట్లెక్కడం కష్టం. లైట్‌హౌస్ దాకా ఆయన వెళ్లగలరా? కారు అద్దెకు తీసుకుని నేనే నడపడం మంచిదా? స్వయంగా వెళ్లి వచ్చినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: కొండనడక

నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సరిగ్గా మీరు చెప్పిన రకం ప్యాకేజీలో వెళ్లి, బోర్డు ముందు ఫొటో దిగి వచ్చేశాను. నాలుగేళ్ల తరువాత పనిమీద కేప్‌టౌన్ వెళ్లినప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, సందేహించకుండా ఒక రోజు మొత్తం కేటాయించండి. కొండ, సముద్రం ఒకదాన్నొకటి అంత దగ్గరగా ఢీకొనే చోటును గంటలో చూసి రావడమంటే గుడికి వెళ్లి ధ్వజస్తంభం దగ్గరి నుంచే తిరిగొచ్చినట్టు.

ముందుగా మీ నాన్నగారి మాట నిజమని చెప్పాలి. అంతర్జాతీయంగా అంగీకరించిన లెక్క ప్రకారం అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల సరిహద్దు అగుల్హాస్ అగ్రం మీదుగా పోయే రేఖాంశం దగ్గర ఉంది. ఆ అగ్రం గుడ్‌హోప్ అగ్రానికి ఆగ్నేయంగా దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆఫ్రికా ఖండానికి దక్షిణపు కొన కూడా అదే. గుడ్‌హోప్ దగ్గరున్న బోర్డు కూడా నిజాయితీగా ‘ఆఫ్రికా ఖండపు అత్యంత నైరుతి బిందువు’ అనే చెప్తుంది. అయితే ప్యాకేజీలవాళ్ల మాటలో కొంత ఆధారం లేకపోలేదు. తూర్పు నుంచి వచ్చే వెచ్చని అగుల్హాస్ ప్రవాహం, పడమటి తీరం వెంట ఉత్తరానికి పోయే చల్లని బెంగ్వేలా ప్రవాహం ఈ రెండు అగ్రాల మధ్య ఎక్కడో ఒకచోట కలుస్తాయి, ఆ చోటు కాలాన్ని బట్టి అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. ఆ తేడా కాలికి తెలుస్తుంది కూడా. ఉదయం పడమటి ఒడ్డున నీళ్లలో పాదం పెడితే క్షణంలో తిమ్మిరెక్కింది. అదే రోజు మధ్యాహ్నం తూర్పున ఫాల్స్ బే అనే అఖాతం వైపు బఫెల్స్ బే దగ్గర మాత్రం కాసేపు హాయిగా నిలబడగలిగాను. రెండు రంగుల నీళ్లు గీత గీసినట్టు కలుస్తాయని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

ఇంకొక సంగతి చాలామందికి అక్కడికి వెళ్లేదాకా తెలియదు. గుడ్‌హోప్ అగ్రం, కేప్ పాయింట్ రెండూ ఒకటి కాదు. గుడ్‌హోప్ అగ్రం సముద్రమట్టానికి దగ్గరగా, గుండ్రాళ్లు పరుచుకున్న ఒడ్డున, తక్కువ ఎత్తున్న రాతి మొన. బోర్డు ఉన్నది అక్కడే, కారు కూడా అక్కడిదాకా పోతుంది. కేప్ పాయింట్ దానికి తూర్పున, నిట్టనిలువుగా సముద్రంలోకి దిగే ఎత్తైన కొండమొన. పాత లైట్‌హౌస్ దాని శిఖరం మీద, సముద్రానికి 238 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఈ రెంటి మధ్య డయాజ్ బీచ్ అనే తెల్లని ఇసుక తీరం లోతున కనిపిస్తుంది. కేప్ పాయింట్ కార్ పార్కింగ్ నుంచి గుడ్‌హోప్ అగ్రానికి కొండ అంచు వెంట నడకదారి ఉంది, చాలా భాగం చెక్కబాట. ఒకవైపు నడకకు ముప్పావు గంట పడుతుంది. నా దృష్టిలో అక్కడ చూడవలసిన వాటిలో ఈ బాటదే మొదటి స్థానం. మీ నాన్నగారి మోకాలికి మొత్తం దారి భారమే కావచ్చు, కానీ పార్కింగ్ వైపు నుంచి మొదటి పది నిమిషాల దూరం నడిచినా డయాజ్ బీచ్ మీదుగా రెండు అగ్రాలూ ఒకేసారి కనిపిస్తాయి.

ఆ బాట పక్కన మోకాలెత్తు పొదలు మాత్రమే ఉంటాయి, పెద్ద చెట్లు కనబడవు. దూరానికి బీడులా అనిపిస్తుంది, వంగి చూస్తే కథ మారిపోతుంది. నేను ఒక చోట కూర్చుని చెయ్యి చాచినంత మేర లెక్కపెట్టాను, ఏడు రకాల ఆకులు కనిపించాయి. వాటిలో ఒకటి సూదుల్లాంటి ఆకులతో, బియ్యపు గింజంత గులాబీరంగు గంటల్లాంటి పూలతో ఉంది. ఈ పొదల వృక్షసంపద మొత్తాన్ని ఫెయిన్‌బోస్ అంటారు. ఈ రక్షిత ప్రాంతం విస్తీర్ణం 7,750 హెక్టార్లే అయినా ఇక్కడ సుమారు 1,100 రకాల స్థానిక మొక్కలు పెరుగుతున్నాయి. కేప్ పుష్ప ప్రాంతాన్ని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, ఈ అగ్రం అందులో భాగం. అక్టోబరు అక్కడ వసంతం కాబట్టి మీరు మంచి సమయానికే వెళ్తున్నారు. సదరన్ రైట్ అనే జాతి తిమింగలాలు కూడా జూన్ నుంచి నవంబరు దాకా ఫాల్స్ బేలోకి వస్తాయి. ఎత్తు మీద నుంచి కాసేపు ఓపికగా చూడండి.

కారు గురించి అడిగారు. తప్పకుండా తీసుకోండి. అక్కడా మనలాగే ఎడమవైపే నడుపుతారు. రైలు సైమన్స్ టౌన్ దాకానే ఉంది, పార్కు లోపల ప్రజా రవాణా లేదు. నగరం నుంచి సుమారు గంటన్నర ప్రయాణం. ప్రధాన ద్వారం దాటాక కూడా మొన దాకా పన్నెండు పదమూడు కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి పెట్రోలు ముందే నింపుకోండి. అక్టోబరు నుంచి మార్చి దాకా ద్వారం ఉదయం 6 గంటలకు తెరిచి సాయంత్రం 6కు మూస్తారు, మిగిలిన నెలల్లో 7 నుంచి 5 దాకా. టూరిస్టు బస్సులు పదింటి తరువాత గుంపుగా వస్తాయి. ఏడున్నరకల్లా మీరు లోపల ఉంటే మొదటి రెండు గంటలూ ఆ కొండంతా మీ ఇద్దరిదే.

సమాధానం 2: పాతపటం

కొండనడక గారు భూగోళం చెప్పారు కాబట్టి నేను చరిత్ర వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను. మీ నాన్నగారికి వీటిలో చాలా భాగం తెలిసే ఉంటుంది, అయినా ఆ చోట నిలబడి గుర్తు చేసుకుంటే వేరుగా ఉంటుంది.

డయాజ్ 1488లో ఈ అగ్రాన్ని చుట్టి వచ్చినప్పుడు దీనిని చూడనే లేదు. తుఫాను ఆయన నావలను నేల కనబడనంత దూరం దక్షిణానికి నెట్టేసింది. తిరిగి ఉత్తరానికి మళ్లి, అగ్రానికి చాలా తూర్పున ఇప్పటి మోసెల్ బే దగ్గర ఫిబ్రవరిలో ఒడ్డు చేరాడు. అగ్రం ఆయన కంటపడింది తిరుగు ప్రయాణంలోనే. తుఫానుల అగ్రమని ఆయన పేరు పెడితే, భారతదేశానికి దారి దొరికిందన్న ఆశతో పోర్చుగల్ రాజు రెండో జాన్ దానిని గుడ్‌హోప్‌గా మార్చాడని ప్రసిద్ధి. ఆ మంచి పేరు కూడా డయాజ్ పెట్టినదేనన్న వాదం ఉంది. 1497 నవంబరులో వాస్కో డ గామా దీనిని దాటి, మరుసటి ఏడు మే నెలలో కాలికట్ చేరాడు. ఇక డయాజ్ సంగతి చూస్తే, 1500లో మరో పోర్చుగీసు నావికుడు కబ్రాల్ నౌకాదళంతో మళ్లీ ఈ వైపు వస్తూ ఇక్కడి సముద్రంలోనే తుఫానులో నావతో సహా మునిగిపోయాడు. తుఫానుల అగ్రమన్న పేరే ఆయన విషయంలో నిజమైంది. పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా మిగిలిన మనిషి పన్నెండేళ్ల తరువాత అదే నీటిలో కలిసిపోయాడన్న సంగతి నాకు ఆ కొండ మీద నిలబడ్డప్పుడు గుర్తొచ్చి, చాలాసేపు కదలలేకపోయాను.

లైట్‌హౌస్ దగ్గరకు ఎలాగైనా వెళ్లండి, ఎందుకంటే అది ఒక పొరపాటుకు గుర్తుగా నిలిచిన కట్టడం. 1860లో వెలిగించిన ఆ దీపాన్ని ఎంత ఎత్తున పెడితే అంత దూరం కనబడుతుందన్న ఆలోచనతో శిఖరం మీద కట్టారు. తీరా ఆ ఎత్తున మేఘం, పొగమంచు తరచుగా కమ్ముకుని, ఓడలకు అత్యవసరమైన వేళలోనే దీపం కనబడకుండా పోయేది. 1911 ఏప్రిల్ 18 రాత్రి లూసిటానియా అనే పోర్చుగీసు ప్రయాణికుల ఓడ మొనకు దక్షిణంగా ఉన్న బెల్లోస్ రాతికి కొట్టుకుంది. ప్రయాణికుల్లో ఎక్కువమందిని కాపాడగలిగారు. 1915లో ఐర్లండ్ దగ్గర జలాంతర్గామి ముంచిన ఓడ పేరూ అదే, కానీ అది వేరు. ఈ ప్రమాదం తరువాత కొత్త దీపాన్ని మొన చివర, సముద్రానికి 87 మీటర్ల ఎత్తునే కట్టి 1919లో వెలిగించారు. ఇప్పటికీ పనిచేస్తున్నది అదే. పాత లైట్‌హౌస్ దగ్గర నుంచి చూస్తే అది సరిగా కనబడదు, దాని కోసం కొండ వెన్ను వెంట పోయే సన్నని బాట పట్టాలి. మోకాలి నొప్పి ఉన్నవారికి ఆ బాట వద్దనే చెప్తాను.

పార్కు లోపల రోడ్డు పక్కన డయాజ్ పేరున ఒకటి, డ గామా పేరున ఒకటి తెల్లని శిలువ స్తంభాలు కనిపిస్తాయి. చాలామంది వాటిని స్మారకాలనుకుని ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. సముద్రం మీద నుంచి చూసే నావికుడికి ఆ రెండూ ఒకే వరుసలోకి వస్తే, ఆ గీత మీదే ఫాల్స్ బేలో నీట మునిగి ఉండి ఓడలకు ప్రమాదమైన విటిల్ రాయి ఉందని అర్థం. ఫాల్స్ బే అన్న పేరుకు కూడా నావికుల పొరపాటే కారణం. తూర్పు నుంచి వచ్చే ఓడలు ముందుగా కనిపించే హాంగ్‌క్లిప్ అగ్రాన్ని చూసి కేప్ పాయింట్ అనుకుని, ముందే ఉత్తరానికి మళ్లి ఈ అఖాతంలో చిక్కుకునేవి.

చివరిగా, ఏ టూర్ గైడూ నాకు చెప్పని సంగతి ఒకటి ఉంది. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1652లో కేప్‌టౌన్ దగ్గర స్థావరం పెట్టిన నాటి నుంచి 1808 దాకా సుమారు 63,000 మందిని బానిసలుగా అక్కడికి తెచ్చారు. వారిలో దాదాపు నాలుగో వంతు మంది మన ఉపఖండం నుంచి వెళ్లినవారు, అంటే బెంగాల్, మలబారు, కోరమాండల్ తీరాలవారు. వారి పేర్ల వెనుక ‘వాన్ బెంగాలెన్’, ‘వాన్ డె కస్ట్’ అని రాశారు. ఆ ‘కస్ట్’ అంటే తీరం, కోరమాండల్ తీరం. పులికాటులో, మచిలీపట్నంలో, భీమునిపట్నంలో డచ్చివారి కోఠీలు, అంటే వర్తక స్థావరాలు, ఉండేవన్నది మనకు తెలిసిందే. తూర్పు నుంచి వచ్చే ఓడ కేప్‌టౌన్ ముందున్న టేబుల్ బే చేరాలంటే ఈ మొనను చుట్టి రావలసిందే. మనం డయాజ్ కళ్లతో, డ గామా కళ్లతో ఈ రాతిని చూడటం నేర్చుకున్నాం. ఓడ అడుగున ఉన్నవారికి ఈ సముద్రపు పోటు మాత్రమే తెలిసి ఉంటుంది. వీలైతే కేప్ పాయింట్‌కు ముందురోజే నగరంలోని స్లేవ్ లాడ్జ్ మ్యూజియం చూడండి, కంపెనీ 1679లో బానిసల కోసం కట్టిన భవనం అది. అది చూసి వెళ్తే ఆ కొండ మీద మీకు ఇంకా చాలా కనిపిస్తుంది.

సమాధానం 3: మెల్లగా

మా అమ్మగారిని అరవై ఎనిమిదో ఏట తీసుకెళ్లాను, ఆమెకు రెండు మోకాళ్లూ నొప్పులే. కాబట్టి ఆ ఒక్క విషయమే చెప్తాను.

పార్కింగ్ నుంచి పాత లైట్‌హౌస్ దిగువ దాకా ‘ఫ్లయింగ్ డచ్‌మన్’ అనే కేబుల్ రైలు నడుస్తుంది. ఆ పేరు ఈ అగ్రం చుట్టూ శాశ్వతంగా తిరుగుతూ ఉంటుందని చెప్పుకునే దయ్యపు ఓడది. రైలెక్కితే కొన్ని నిమిషాల్లో పైకి చేరుస్తుంది. కానీ దిగాక కథ ముగిసిందనుకోకండి. లైట్‌హౌస్ దాకా ఇంకా కొన్ని వరుసల మెట్లు ఉంటాయి. మెట్లు వెడల్పుగానే ఉన్నాయి, పట్టుకోవడానికి ఆధారం ఉంది, మధ్యలో నిలబడి చూసే అరుగులు ఉన్నాయి. అమ్మ ప్రతి అరుగు దగ్గరా ఆగి, మొత్తం ఎక్కడానికి ఇరవై ఐదు నిమిషాలు తీసుకుంది. పైన ప్రపంచ నగరాల దూరాలు చూపే కంబం ఉంది, అందులో న్యూఢిల్లీ పేరు చూసి ఆమె ముఖం వెలిగిపోయింది. దిగేటప్పుడే మోకాళ్లకు ఎక్కువ శ్రమ, కాబట్టి చేతికర్ర తప్పక తీసుకెళ్లండి. రైలుకు టికెట్టు ప్రవేశ రుసుముకు అదనం. ఏ కారణంగానైనా అది ఆగే రోజులు కూడా ఉంటాయి, వెళ్లే రోజు ఉదయమే కనుక్కోండి.

మాకు జరిగిన ఒక్క చేదు అనుభవం బబూన్లనే పెద్ద కోతుల వల్ల, నిజానికి నా అజాగ్రత్త వల్లనే. పార్కింగ్‌లో కారు తలుపు లాక్ చేయకుండా డిక్కీ దగ్గర నిలబడ్డాను. ఒక పెద్ద బబూన్ మనిషిలాగే తలుపు పిడి లాగి లోపలికి ఎక్కి, అమ్మ ఒడిలోని సంచి లాక్కుంది. అందులో రొట్టెలతో పాటు ఆమె రక్తపోటు మాత్రలు కూడా ఉన్నాయి. దాని కోరలు చూశాక సంచి కోసం పెనుగులాడే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. మేం మందులు లేకుండా మధ్యాహ్నమే వెనుదిరగవలసి వచ్చింది. మన తిరుమల కోతులను చూసిన అలవాటుతో వాటిని తేలిగ్గా తీసుకోకండి, ఇవి పరిమాణంలోనూ బలంలోనూ వేరు. తినేవి ఏవీ బయట పట్టుకోవద్దు, తలుపులు ఎప్పుడూ లాక్ చేయండి, మందులు మాత్రం సంచిలో కాక జేబులో పెట్టుకోండి. వాటికి తిండి పెట్టడం చట్టరీత్యా నేరం. మనుషుల తిండికి అలవాటు పడ్డ బబూన్ చివరికి ప్రాణమే పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది.

దక్షిణతీరం

ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. పాతపటం గారి సమాధానం నాన్నగారికి చదివి వినిపించాను. ‘వాన్ డె కస్ట్’ దగ్గర ఆపమని, మళ్లీ చదివించుకున్నారు. ఇన్నేళ్లు బోధించినా ఆ భాగం తనకు తెలియదని చెప్పి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. స్లేవ్ లాడ్జ్‌ను మొదటి రోజుకు పెట్టుకున్నాం. ఒక్క సందేహం మిగిలింది. వాతావరణం బాగా లేకపోతే ఆ రోజును వేరే రోజుకు మార్చుకోవాలా? అగుల్హాస్ కూడా కలుపుకోవచ్చా?

కొండనడక

అగుల్హాస్ కేప్‌టౌన్ నుంచి రోడ్డు మీద ఇంచుమించు 220 కిలోమీటర్లు, అది వేరే రోజు పని. మీకున్న నాలుగు రోజుల్లో నేనైతే వదిలేస్తాను. రాబెన్ ద్వీపం పడవ టికెట్టుకు ముందే సమయం ఖరారవుతుంది కాబట్టి దానిని కదలకుండా ఉంచి, టేబుల్ మౌంటెన్‌ను, కేప్ పాయింట్‌ను వాతావరణాన్ని బట్టి అటూ ఇటూ మార్చుకోండి. టేబుల్ మౌంటెన్ కేబుల్ కార్ గాలి ఎక్కువైతే ఆపేస్తారు, అందుచేత గాలి లేని రోజు దానికి ఇవ్వడం న్యాయం. కేప్ పాయింట్ దేశంలోనే అతి ఎక్కువ గాలి వీచే చోట్లలో ఒకటి. వేసవి దగ్గరపడే కొద్దీ ఆగ్నేయపు గాలి బలపడుతుంది, టోపీ ఎగిరిపోతుంది, పలుచని శరీరమున్న పెద్దవారు మెట్ల మీద తూలే ప్రమాదం కూడా ఉంది. గాలి హోరెత్తే రోజు వద్దు. మబ్బు పట్టిన రోజైతే మాత్రం భయపడి మానుకోకండి, చరిత్ర తెలిసిన మీ నాన్నగారికి అది ఇంకా మంచిది.

దక్షిణతీరం

నిన్ననే ఊరు చేరాం. సమాధానాలు రాసినవారికి ఫలితం చెప్పడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను.

కేప్ పాయింట్‌కు మూడో రోజు వెళ్లాం. ఏడుంపావుకు ద్వారం దాటాం, రోడ్డు పక్కన రెండు ఉష్ట్రపక్షులు తప్ప మనిషి అన్నవాడు లేడు. మొదట కారును నేరుగా గుడ్‌హోప్ అగ్రానికే పోనిచ్చాను. నాన్నగారు బోర్డు వైపు చూడకుండా ముందు నీటి దగ్గరకు నడిచారు. తాళ్లలా మెలితిరిగిన గోధుమరంగు సముద్రపు నాచు ఒడ్డంతా పడి ఉంది. ఆయన ఒక గుండ్రాయి మీద కూర్చుని చెప్పులు విప్పి, పాదం నీళ్లలో పెట్టి వెంటనే తీసేశారు. ‘బెంగ్వేలా’ అన్నారు.

కొండ మీదకు వెళ్లేసరికి తొమ్మిది దాటింది. రైలు దిగి మెట్లెక్కుతుండగా పడమటి నుంచి మబ్బు రావడం మొదలైంది. మొదట డయాజ్ బీచ్ మాయమైంది, తరువాత కింది అరుగు, ఆ తరువాత మా ముందున్న మెట్లు. లైట్‌హౌస్ చేరేటప్పటికి దాని గోడ తప్ప ఏమీ కనబడలేదు. చేతికర్ర పిడి తడిసింది, నాన్నగారి కళ్లజోడు అద్దాల మీద సన్నని నీటి పొర కట్టింది, పెదవి తడుపుకుంటే ఉప్పగా ఉంది. సముద్రపు హోరు మాత్రం కింద నుంచి స్పష్టంగా వినిపిస్తోంది. దృశ్యం కోసం వచ్చి నిరాశ పడ్డ ఒక కుటుంబం తిట్టుకుంటూ దిగిపోయింది. నాన్నగారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, గోడ మీద అరచెయ్యి ఆనించి, నేను ఎనిమిదో తరగతిలో విన్న గొంతుతోనే అన్నారు, ‘చూశావా, దీపం ఇక్కడ పెడితే ఓడవాడికి ఏం కనబడుతుంది?’

మేం అక్కడే ఒక మెట్టు మీద కూర్చున్నాం. స్లేవ్ లాడ్జ్‌లో ఆయన నోటుపుస్తకంలో రాసుకున్న కొన్ని పేర్లను బయటికి చదివారు. దాదాపు అరగంట తరువాత మబ్బు పైకి లేచింది. మోకాలి నొప్పి వల్ల మొన చివరి బాటకు పోలేదు. కానీ లైట్‌హౌస్ దగ్గరి గోడ మీదుగా దక్షిణానికి చూస్తే, నీలపు నీటి మధ్య ఒకే చోట తెల్లని నురుగు లేచి విరిగి మళ్లీ లేస్తోంది. అక్కడ గాలికి వేరే అలలేమీ విరగడం లేదు. ఆ నురుగు బెల్లోస్ రాయి దగ్గరే అయి ఉంటుందని ఆయన వేలు చూపించారు. తరువాతి బండి గుంపు పైకి వచ్చేదాకా మేం దానినే చూస్తూ కూర్చున్నాం.